పిల్లికూతలు, మేక గొంతు, కిర్రు చెప్పులు

మొన్న సాయంత్రం వార్డులో పని ముగించుకొని చేతులు కడుక్కుంటుంటే ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకరు వచ్చి, "అన్నా, రోంకైకీ క్రెప్స్‌కీ తేడా పుస్తకంలో నాలుగుసార్లు చదివాను, స్టెత్ పెడితే మాత్రం అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి, నా చెవుల్లోనే ఏమైనా లోపం ఉందంటారా?" అని అడిగింది. రోంకై, క్రెప్స్ అంటే ఊపిరితిత్తుల్లో జబ్బు ఉన్నప్పుడు స్టెతస్కోప్‌లో వినిపించే రెండు రకాల అదనపు శబ్దాలు. ఆ ప్రశ్న విన్నాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడేళ్ళ కిందట నేనూ ఇదే అనుకొని, ఇదే భయంతో, ఎవరినీ అడగకుండా లోపలే దాచుకున్నాను. ఆ అమ్మాయికి మెట్ల మీద కూర్చొని అరగంట చెప్పింది చాలలేదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లిష్ ఎలాగో లాక్కొచ్చాను, ఎంబీబీఎస్ మొదటి రెండేళ్ళూ బట్టీ పట్టి గట్టెక్కాను. క్లినికల్ పోస్టింగ్స్, అంటే వార్డుల్లో రోగుల దగ్గర నేర్చుకోవడం, మొదలయ్యాక ఛాతీ పరీక్ష దగ్గర ఆగిపోయాను. ఒక మంచం చుట్టూ ఇరవై మందిమి నిలబడేవాళ్ళం. సర్ రోగి వీపు మీద స్టెత్ పెట్టి "ఇక్కడ ట్యూబ్యులర్ బ్రాంకియల్ బ్రీతింగ్ ఉంది, విస్పరింగ్ పెక్టోరిలొక్వీ ఉంది, రాసుకోండి" అనేవారు, మేం రాసుకునేవాళ్ళం. పెక్టోరిలొక్వీ అంటే ఏంటో, ఆ మాటకు ఆ పేరెందుకు వచ్చిందో ఒక్కరు చెప్పలేదు, మేం అడగనూ లేదు. కేసు ప్రెజెంట్ చేసేటప్పుడు మంత్రం చదివినట్టు చదివేయడమే. ఈ పద్ధతి మంచిది కాదని నాకు ఇప్పటికీ గట్టి అభిప్రాయం. అర్థం తెలియని పేరుకు శబ్దం అతుక్కోదు. పేరు తెలిసి దాని బొమ్మ కళ్ళముందు లేకపోతే చెవికి ఏం వెతకాలో తెలియదు.

నాకు దారి దొరికింది తెలుగు వ్యాకరణం దగ్గర. ఒకరోజు డిస్నియా, టాకిప్నియా, ఆర్థాప్నియా, ప్లాటిప్నియా అని వరసగా బట్టీ పడుతుంటే, హైస్కూల్లో మా తెలుగు మాస్టారు సమాసాలకు విగ్రహవాక్యం చెప్పించిన రోజులు గుర్తొచ్చాయి. ఇవీ సమాసాలేగా అనుకొని విడదీయడం మొదలుపెట్టాను. చివర ఉన్న ప్నియా గ్రీకులో ఊపిరి. డిస్ అంటే కష్టం, టాకి అంటే వేగం, ఆర్థో అంటే నిటారు. అంటే ఆర్థాప్నియా ఉన్న మనిషికి నిటారుగా కూర్చుంటేనే ఊపిరి ఆడుతుంది. మన రోగులు "పడుకుంటే ఆయాసం బాబూ, రాత్రంతా గోడకి ఆనుకొని కూర్చునే ఉంటాను" అంటారే, అదే. ప్లాటి అంటే చదును, అంటే దీనికి పూర్తిగా తలకిందులు, పడుకుంటే హాయి, కూర్చుంటే ఆయాసం. థొరాక్స్ అంటే ఛాతీ కాబట్టి అందులో గాలి చేరితే న్యూమోథొరాక్స్, నీరు చేరితే హైడ్రోథొరాక్స్, రక్తమైతే హీమోథొరాక్స్, చీము చేరితే పయోథొరాక్స్. ఒక్క సాయంత్రంలో యాభై మాటలు నా సొంతమయ్యాయి. స్టెతస్కోప్‌ని కూడా విడదీసి చూశాను: స్టెథోస్ అంటే రొమ్ము, స్కోపీన్ అంటే చూడటం. చెవిలో పెట్టుకునే వస్తువుకు ఛాతీని చూసేది అని పేరు పెట్టారు. అది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే నిజంగా పని అదే, లోపల ఏముందో చెవితో చూడటం.

ఆ పేరు పెట్టినాయన రెనె లెనెక్, ఫ్రాన్సు డాక్టరు. 1816లో పారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో, గుండె జబ్బు లక్షణాలతో వచ్చిన ఒక యువతి ఛాతీకి నేరుగా చెవి ఆనించడం మర్యాద కాదనిపించి, కాగితాలు గుండ్రంగా చుట్టి గొట్టంలా చేసి ఒక చివర ఆమె ఛాతీ మీద, ఇంకో చివర తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. దూలానికి ఒక చివర గుండుసూదితో గీకితే రెండో చివర చెవి పెట్టినవాళ్ళకి స్పష్టంగా వినపడుతుందన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చిందట. 1819లో పుస్తకం వేశాడు. ఈ రోజు మనం వల్లెవేసే పేర్లలో చాలావాటికి మూలం ఆ పుస్తకమే. 1826లో, 45 ఏళ్ళకే, తను జీవితమంతా విన్న క్షయ జబ్బుతోనే చనిపోయాడు. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

రోంకై గొడవ కూడా అక్కడిదే. ఊపిరితిత్తుల్లో వినిపించే అదనపు శబ్దాలన్నిటికీ ఆయన ఫ్రెంచిలో రాల్ అని పేరు పెట్టాడు. అయితే ఆ మాటకి జనం నోట్లో ఇంకో అర్థం ఉంది, చనిపోయే ముందు గొంతులో వచ్చే గురగుర. మంచం మీదున్న రోగి డాక్టరు నోట ఆ మాట వింటే హడలిపోతాడు కదా, అందుకని రోగుల ముందు దాని బదులు రోంకస్ (బహువచనం రోంకై) అనే లాటిన్ మాట వాడాడు, గ్రీకు మూలంలో దానర్థం గురక. అంటే మొదట రాల్, రోంకస్ రెండూ ఒకటే! తర్వాత ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఒక మాట ఒక శబ్దానికి, ఇంకో మాట ఇంకో శబ్దానికి అతికి, ఒక్కో దేశంలో, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా వాడి, నూట యాభై ఏళ్ళకు పైగా గందరగోళం నడిచింది. 1980ల్లో అంతర్జాతీయంగా కూర్చొని మాట్లాడుకొని క్రాకిల్స్, వీజ్, రోంకస్ అని కొంత సర్దారు. కాబట్టి చెల్లీ, నీ చెవుల్లో లోపం లేదు. పెద్దపెద్ద వాళ్ళే ఈ పేర్ల దగ్గర తడబడ్డారు.

ఇప్పుడు తేడా చెప్తాను. ముందు అడగాల్సింది ఒకటే: ఈ శబ్దం సాగుతోందా, తెగితెగి వస్తోందా? సాగితే వీజ్ లేదా రోంకస్. సన్నగా ఈలలాగా ఉంటే వీజ్, లావుగా గురకలాగా ఉంటే రోంకస్. మన దగ్గర చాలామంది సర్లు రెండిటినీ కలిపి రోంకై అనేస్తారు, అది తెలుసుకొని ఉండు. వీజ్‌కి మన తెలుగు ఇళ్ళలో ఎప్పటినుంచో పిల్లికూతలు అనే మాట ఉంది. మా తాతయ్యకి ఉబ్బసం. చలికాలం రాత్రుళ్ళు ఆయన మంచం పక్కన పడుకుంటే ఆ కూతలు స్టెతస్కోప్ లేకుండానే వినపడేవి, పిల్లి పిల్లలు ఎక్కడో మూలన అరుస్తున్నట్టు. ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడే వస్తాయని నాకు ఎనిమిదేళ్ళ వయసులోనే తెలుసు, దానికి పరీక్షలో మార్కులుంటాయని మాత్రం తెలియదు.

తెగితెగి చిటపటమంటే క్రెపిటేషన్స్, మనం క్రెప్స్ అనేవి, కొత్త పేరు క్రాకిల్స్. వీటిల్లో సన్నవి ఊపిరి పీల్చడం ముగుస్తుండగా వస్తాయి, మూసుకుపోయిన చిన్న గాలిగొట్టాలు ఒక్కసారిగా తెరుచుకోవడం వల్ల. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య నలిపి చూడు, అదే శబ్దం. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్ జబ్బులో అయితే బీపీ పట్టీ మెల్లగా విప్పినట్టుంటుంది. లెనెక్ దీన్ని వేడి పాత్రలో ఉప్పు వేస్తే వచ్చే చిటపటతో పోల్చాడు. అది చదవగానే మా అమ్మమ్మ దిష్టి తీసి పొయ్యిలో వేసే ఉప్పు గుర్తొచ్చింది నాకు. పారిస్ ఆసుపత్రిలోనూ మా ఇంటి పొయ్యి దగ్గరా ఒకటే చప్పుడు. లావు క్రెప్స్ వేరు, అవి బుడగలు పొర్లుతున్నట్టు గుడగుడమంటాయి, గొట్టాల్లో తెమడ ఉన్నప్పుడు వస్తాయి, గట్టిగా దగ్గమంటే మారతాయి, ఒక్కోసారి మాయమవుతాయి. అందుకే అనుమానం వస్తే దగ్గించి మళ్ళీ వినాలి. ఈ ఒక్క అలవాటు లేక నేను రెండుసార్లు తప్పు చెప్పాను.

దగ్గినా మారనిది ప్లూరల్ రబ్. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలు వాచి ఒకదానికొకటి రాసుకుంటే పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ రెండిట్లోనూ వస్తుంది, రోగి సరిగ్గా అక్కడే వేలు పెట్టి "ఊపిరి తీస్తే ఇక్కడ పొడుస్తోంది" అంటాడు. పుస్తకంలో కొత్త తోలు చప్పుడు అని ఉంటుంది. కిర్రు చెప్పులు విన్నవాళ్ళకి దీన్ని వేరే చెప్పాల్సిన పనిలేదు. నేను మొదటిసారి విన్నప్పుడు నోట్లోంచి "కిర్రు చెప్పులు" అనే వచ్చింది, పక్కనున్న పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పై చదువు చదివే డాక్టరు) అన్న "అదే, కరెక్ట్, ఇక జన్మలో మర్చిపోవు" అన్నాడు.

ఇక అందరినీ ఏడిపించేది వెసిక్యులర్, బ్రాంకియల్ తేడా. వెసిక్యులర్ అనే పేరే తప్పు అని ముందు తెలుసుకోవాలి. చిన్న గాలితిత్తుల్లోకి గాలి దూరుతుంటే వచ్చే చప్పుడనుకొని ఆ పేరు పెట్టారు, నిజానికి గాలితిత్తుల దగ్గరికి వచ్చేసరికి గాలి అంత మెల్లగా కదులుతుంది కాబట్టి చప్పుడే ఉండదు. శబ్దం పుట్టేది పెద్ద గొట్టాల్లో. అది మెత్తటి, గాలి నిండిన ఊపిరితిత్తి గుండా వచ్చేసరికి, దూదిలోంచి వచ్చినట్టు పదును పోయి మెత్తగా వినపడుతుంది. పీల్చేది ఎక్కువసేపు, వదిలేది తక్కువసేపు, మధ్యలో ఖాళీ లేదు. అదే న్యుమోనియా వచ్చి ఆ భాగం గట్టిపడిందనుకో, దూది తీసేసి చెక్క పెట్టినట్టు. గొట్టంలో శబ్దం ఉన్నదున్నట్టు పైకి వచ్చేస్తుంది, బోలుగా, గరుకుగా, పీల్చడానికీ వదలడానికీ మధ్య చిన్న ఖాళీతో. ఇది బ్రాంకియల్. అసలు చప్పుడు ఎలా ఉంటుందో తెలియాలంటే నీ గొంతు దగ్గర శ్వాసనాళం మీద స్టెత్ పెట్టుకొని విను, తర్వాత నీ వీపు కింద భాగంలో ఫ్రెండ్‌తో పెట్టించుకొని విను. రోజుకి పదిసార్లు. నేను హాస్టల్లో రూమ్మేట్ మీద నెలరోజులు ఇదే పని చేశాను.

ఈ గట్టిది, మెత్తటిది అనే ఒక్క సూత్రం పట్టుకుంటే మిగతా పేర్లన్నీ వాటంతట అవే వరసలోకి వస్తాయి. చిన్నప్పుడు రైలు పట్టా మీద చెవి పెట్టి ఇంకా కనపడని బండి చప్పుడు వినేవాళ్ళం కదా, అదే సూత్రం. ఊపిరితిత్తి గట్టిపడితే మాట కూడా దాటి వస్తుంది. రోగిని "ఒకటి, ఒకటి, ఒకటి అనండి" అని చెప్పి వీపు మీద అరచేతి అంచు పెడితే తగిలే అదురు వోకల్ ఫ్రెమిటస్, అదే స్టెత్‌తో వింటే వోకల్ రెజొనెన్స్. గట్టిపడితే పెరుగుతుంది. అదే ఊపిరితిత్తికి గోడకి మధ్య నీరు చేరితే తగ్గిపోతుంది. న్యుమోనియాలోనూ నీరు చేరినప్పుడూ వేలితో తడితే మొద్దు శబ్దమే వస్తుంది, రెండిటినీ విడదీసి చూపేది ఈ అదురే. గుసగుసగా చెప్పిన మాట కూడా రోగి మన చెవిలో చెప్పినట్టు స్పష్టంగా వినిపిస్తే విస్పరింగ్ పెక్టోరిలొక్వీ. పెక్టస్ రొమ్ము, లొక్వీ మాట్లాడటం. రొమ్మే మాట్లాడుతోందన్న మాట! ఇక ఈగోఫనీ, గ్రీకులో మేక గొంతు. 'ఈ' అనమంటే మనకు ముక్కుతో 'ఏ' అన్నట్టు, మేక అరిచినట్టు వినపడుతుంది. ఆ పేరు పెట్టినవాళ్ళకి ఛాతీలో మేక వినిపించింది, మనకి పిల్లి. ఊళ్ళో పెరిగినవాళ్ళే పెట్టి ఉంటారు ఇలాంటి పేర్లు అనిపిస్తుంది.

ఒకటి ఒకటి అనమంటే పెద్దవాళ్ళు చాలామంది "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతారు. వాళ్ళని విసుక్కోకూడదు. ఒక పెద్దమ్మ ఎంత చెప్పినా అలాగే చేస్తుంటే, "పెద్దమ్మా, మీకు నచ్చిన దేవుడి పేరు ఒక్కటే మళ్ళీమళ్ళీ అనండి" అన్నాను. "రామ రామ" అని గొంతెత్తి అంది, అరచేతికి అదురు ఎంత బాగా తగిలిందో చెప్పలేను. ఆడవాళ్ళ గొంతు సన్నం కాబట్టి మామూలుగానే అదురు తక్కువ ఉంటుంది, అందుకే ఎప్పుడూ అదే మనిషి కుడి పక్కని ఎడమ పక్కతో పోల్చాలి తప్ప ఇంకొకరితో కాదు.

వేళ్ళతో తట్టి చూసే పెర్కషన్ గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. దీన్ని 1761లో పుస్తకంగా రాసింది ఆస్ట్రియా డాక్టరు అవెన్‌బ్రుగర్. వాళ్ళ నాన్న సత్రం నడిపేవాడు, పీపాల్లో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో తట్టి చూసేవాడు, అది చూసే కొడుక్కి ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ 1808లో ఫ్రెంచిలోకి తెచ్చాక పేరొచ్చింది. మనకి పీపాలు లేకపోయినా కుండలున్నాయి. మా అమ్మ సంతలో కుండ కొనేముందు వేలు మడిచి తట్టి చెవి దగ్గర పెట్టుకొని, ఖంగుమంటే తీసుకుంటుంది, బీటుంటే పక్కన పెట్టేస్తుంది. బీటువారిన కుండ శబ్దం అనే మాట ఛాతీ పరీక్షలోనూ ఉంది, ఊపిరితిత్తిలో పెద్ద గుల్ల ఏర్పడిన చోట తడితే వస్తుందని రాశారు.

ఎడమచేతి మధ్యవేలు పక్కటెముకల సందులో గట్టిగా ఆనించు, మిగతా వేళ్ళు లేపి ఉంచు. కుడిచేతి మధ్యవేలితో దాని మధ్య ఎముక మీద మణికట్టు కదిలించి కొట్టు, కొట్టగానే వేలు తీసెయ్. గోరు కత్తిరించుకో, నీ వేలే చీరుకుపోతుంది. నీ తొడ మీద కొడితే వచ్చేది డల్, అంటే మొద్దు శబ్దం. కుడి రొమ్ము కింద అయిదో సందు దగ్గర కాలేయం మొదలవుతుంది, అక్కడా డల్. మామూలు ఊపిరితిత్తి మీద రెజొనెంట్, అంటే మోగుతుంది. గాలి చేరిన న్యూమోథొరాక్స్ మీద డప్పులా మోగుతుంది. నీరు చేరినచోట కొడితే రాయిని కొట్టినట్టుంటుంది, దీన్నే స్టోనీ డల్ అంటారు, ఇక్కడ చెవి కన్నా వేలికే ముందు తెలుస్తుంది, వేలి కింద ఏ కదలికా ఉండదు. మొదటిసారి అది తగిలిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మధ్యాహ్నమే ఆ రోగికి వీపులోంచి సూదితో లీటరు నీరు తీశారు, సాయంత్రం అక్కడే కొట్టి చూస్తే మోగింది.

ఇప్పుడు నేను ఇదంతా ఎందుకింత పట్టించుకుంటానో చెప్తాను. హౌస్‌సర్జన్సీలో (ఎంబీబీఎస్ చివర ఆసుపత్రిలో పనిచేసే ఏడాది) రెండో నెల, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ. ఇరవై ఏళ్ళ అబ్బాయిని ఉబ్బసంతో తీసుకొచ్చారు. భుజాలు ఎగరేస్తున్నాడు, మాట పూర్తి చేయలేకపోతున్నాడు, రెండు పక్కలా పిల్లికూతలు. నెబ్యులైజేషన్ పెట్టి (మందుని పొగమంచులా పీల్పించడం), ఆక్సిజన్ ఇచ్చి, ఇంజెక్షన్ చేసి పక్క మంచానికి వెళ్ళాను. కాసేపటికి వాళ్ళమ్మ వచ్చి, "కూతలు ఆగిపోయాయి బాబూ, తగ్గినట్టేగా?" అంది. ఆమె మొహంలో ఆశ. నేను వెళ్ళి స్టెత్ పెట్టాను. కూతలు లేవు, ఊపిరి చప్పుడు కూడా దాదాపు లేదు. అబ్బాయి కళ్ళు మూసుకుపోతున్నాయి. సైలెంట్ చెస్ట్ అనే రెండు మాటలు నా బుర్రలో మెరిశాయి. కూత రావాలంటే సందులోంచి కొంతైనా గాలి కదలాలి, గాలే కదలకపోతే కూత ఎక్కడిది? పీజీని కేకేశాను, ఆయన పరిగెత్తుకొచ్చారు, మెగ్నీషియం ఎక్కించారు, ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడానికి కూడా సిద్ధం చేసుకున్నారు. దాని అవసరం రాలేదు. నలభై నిమిషాల తర్వాత కుడి వీపు మీద సన్నగా పిల్లికూత మళ్ళీ మొదలైంది. జీవితంలో ఒక చెడ్డ శబ్దం విని అంత సంతోషించింది అప్పుడే. వాళ్ళమ్మకి "కూతలు మళ్ళీ వచ్చాయమ్మా, ఇది మంచిదే" అని అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ రోజు నుంచి కేసు షీట్‌లో అలవాటుగా "బీఏఈ ప్లస్, ఎన్‌వీబీఎస్" (రెండు పక్కలా గాలి వెళ్తోంది, ఊపిరి చప్పుడు మామూలే) అని గీసి పారేయడం మానేశాను. విన్నదే రాస్తాను, ఎక్కడ విన్నానో రాస్తాను. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో నిమిషం నిండా లెక్కపెట్టి రాస్తాను, అదీ నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకొని, ఎందుకంటే లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. పిల్లల విషయంలో తల్లి "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటే ఆ మాట దగ్గరే ఆగుతాను, పుస్తకంలో చెస్ట్ ఇన్‌డ్రాయింగ్ అని ఉన్న ప్రమాద సూచన అదే, తల్లి మనకన్నా ముందే చూసి చెప్తోంది. ఏడాది నిండని బిడ్డకి, రెండు నెలలు దాటాక, ఊపిరి నిమిషానికి 50 లేదా అంతకన్నా ఎక్కువైతే వేగం, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40 లేదా అంతకన్నా ఎక్కువైతే వేగం. రెండు నెలల లోపు పసికందుకి 60. ఈ అంకెలు మాత్రం బట్టీ పట్టెయ్, తప్పులేదు.

నా దగ్గర పాత నోట్‌బుక్ ఒకటుంది. ఎడమ పేజీలో పుస్తకం మాట, కుడి పేజీలో రోగి నోట విన్న మాట. డిస్నియా ఎదురుగా ఆయాసం, ఎగపోత, రొప్పు ఉన్నాయి, తెలంగాణ నుంచి వచ్చిన ఒకాయన చెప్పిన దమ్ము ఉంది. స్ప్యూటమ్ ఎదురుగా కఫం, తెమడ, కళ్ళె, గళ్ళ. హీమాప్టిసిస్ ఎదురుగా "గళ్ళలో రక్తం జీర". ఈగోఫనీ ఎదురుగా ఇంకా ఖాళీయే. రేపు ఆ థర్డ్ ఇయర్ అమ్మాయికి ఈ పుస్తకం ఇస్తున్నాను, పదకొండో నంబర్ మంచం పెద్దాయన కుడి వీపు కింద కిర్రు చెప్పులు ఉన్నాయి, ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే వినమని కూడా చెప్పాను. మీ ఊళ్ళో వీటికి వేరే మాటలుంటే పంపండి, కుడి పేజీల్లో చోటుంది.